ముప్పై నాలుగు సంతకాలు

"పైన ఏం రాసున్నదో చెప్పకుండ కింద సంతకం పెట్టమంటున్నరు. మీకు అలవాటేమో సార్, మాకు లేదు."

నవనీత నాతో అన్న మొదటి మాట ఇది. ఇంత అందమైన అమ్మాయి నాతో మాట్లాడటం అదే మొదటిసారి కాబట్టి, తిట్టిందని అర్థం కావడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

నేను అమిత్. మాది హుజూరాబాద్. కరీంనగర్‌లో ఊట ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. పనిచేస్తున్నాను అనకూడదు, అప్పట్లో చేసేవాణ్ని. ఎందుకు మానేశానో చెప్పడానికే ఈ కథ.

ఆ నవంబరులో ఇచ్చోడ నుంచి పన్నెండు కిలోమీటర్లు లోపలికి, సాలెగూడ అనే ఊరికి సర్వేకు వెళ్లాను. గ్రామ సంఘం గదిలో చాపల మీద ముప్పై నాలుగు మంది ఆడవాళ్లు కూర్చున్నారు. మా సంస్థ పద్ధతి ప్రకారం మీటింగు మొదలుకాకముందే సంతకాల కాగితం తిప్పాను. ముందే తిప్పకపోతే సగం మంది వెళ్లిపోతారు. కాగితం పైభాగం ఖాళీగా ఉంచడం కూడా మా పద్ధతే. ఒకే మీటింగును మూడు ప్రాజెక్టులకు చూపించుకోవచ్చు. ఇది తప్పని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

"ఉత్త హాజరే మేడం," అన్నాను.

"ఉత్త హాజరైతే గదే రాయిండ్రి. రాసి చదివి వినిపియ్యిండ్రి. మా సంఘంల రూలు గదే. ముందు రాసుడు, అందరికి ఇనవడేటట్టు చదువుడు, గప్పుడే దస్తకత్."

ఆ సంఘం తీర్మానాల పుస్తకం రాసేది ఆమే. ఆదిలాబాద్‌లో డిగ్రీ చదివింది. తండ్రి లచ్చయ్య దుబాయిలో మేస్త్రీ పని. తల్లి కొమురవ్వ నా ఎదురుగానే కూర్చుని, కూతురి మాటకు తలూపుతోంది. నేను కాగితం మీద ‘హాజరు పట్టీ’ అని రాసి, బడిపిల్లాడిలా గట్టిగా చదివాను. అందరూ నవ్వారు. అప్పుడు పెట్టారు సంతకాలు. కొమురవ్వ తన పేరు రాయడానికి ఎంతసేపు తీసుకుందంటే, నా చాయ్ చల్లారిపోయింది. రాశాక కాగితాన్ని దూరంగా పెట్టి చూసుకుని, బాగుందన్నట్టు పక్కామెకు అందించింది.

తర్వాత ఫారం తీశాను.

"పద్నాలుగో ప్రశ్న. మీ ఇంటికి నల్లా ఉన్నదా?"

"ఉన్నది," అంది కొమురవ్వ.

అవును అనే గడిలో టిక్ పెట్టాను.

"నీళ్లొస్తయా అని అడగరా?" అంది నవనీత.

"ఆ ప్రశ్న ఫారంల లేదు."

"ఫారం ఎవలు తయారు చేసిన్రు?"

"హైదరాబాద్‌ల కన్సల్టెంట్."

"ఆయనింట్ల నల్లా తిప్పితే నీళ్లొస్తయి. అందుకే ఆయనకు గా ప్రశ్న తట్టలే."

నాకు ఉక్రోషం వచ్చింది. ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. ఆమె నన్ను తీసుకెళ్లి వాళ్లింటి నల్లా తిప్పి చూపించింది. బుస్సుమని గాలి కూడా రాలేదు. ఊళ్లో ఇంటికో నల్లా, రెండేళ్లుగా ఒక్క చుక్క లేదు. అక్కడి నుంచి వాగు దగ్గరికి నడిపించింది. ఇసుకలో తవ్విన చెలిమెల చుట్టూ ఆడవాళ్లు కూర్చుని, ఊరిన నీటిని చెంబుతో తోడి బిందెలో పోసుకుంటున్నారు. ఒక బిందె నిండటానికి అరగంట పడుతుంది.

ఫారం పక్కన ఖాళీలో ‘నీళ్లు రావు’ అని పెద్ద అక్షరాలతో రాశాను.

"గా పక్కకు రాసింది ఏడిదాక పోతది సార్?"

"బ్యాంకాక్ దాక."

ఆమె మొదటిసారి నవ్వింది. "జర తక్కువ చెప్పుండ్రి."

అబద్ధం కాదని వివరించాను. దేశాలన్నీ కలిసి సుస్థిర అభివృద్ధి పేరుతో పదిహేడు లక్ష్యాలు పెట్టుకున్నాయి. అందులో ఆరోది నీళ్లు. ఎంత సాధించామో ప్రభుత్వాలు చెప్పుకుంటాయి. అది నిజమా కాదా అని ప్రజల తరఫున చెప్పడానికి మాలాంటి సంస్థల ప్రతినిధులను పిలుస్తారు. మార్చిలో బ్యాంకాక్‌లో జరిగే సదస్సులో మా డైరెక్టర్ మధులిక మేడంకు రెండు నిమిషాలు దొరికాయి. ఆమె చేతిలో ఉండే నివేదిక రాసేది నేనే.

"అంటే మా మాట చెప్పేటందుకు మీ మేడం పోతది. మీ మేడంకు చెప్పేటందుకు నువ్వు పోతవ్. మంచిగనే ఉన్నది," అంది నవనీత. సార్ పోయి నువ్వు వచ్చింది. నాకదే చాలనిపించింది.

డిసెంబరులో మళ్లీ వెళ్లాను. ఫాలోఅప్ అని ఆఫీసులో రాసుకున్నాను. ఏం ఫాలోఅప్ అని ఎవరూ అడగలేదు. నేను బస్సు దిగేసరికి చెడగొట్టు వాన. ఏరి వాకిట్లో కుప్ప పోసిన పత్తి తడిసిపోతుందని కొమురవ్వ, నవనీత గోనె బోరాల్లోకి కుక్కి లోపలికి మోస్తున్నారు. బ్యాగు అరుగు మీద పడేసి నేనూ ఒక బోరం ఎత్తుకున్నాను. గడప దగ్గర కాలు జారి, బోరంతో సహా నవనీత మీదికి పోయాను.

"సర్వే చేసుడు ఆపి మీద వడుడు వెట్టినవా?" అంది, జుట్టులో పత్తి పింజలతో.

"గిది గూడ ఫారంల లేదు," అన్నాను.

ఆమె నవ్వు ఆపుకుందామని మొహం తిప్పుకుంది. ఆపుకోలేకపోయింది. వాన తగ్గేదాకా గుమ్మంలో నిలబడి ముగ్గురం సర్వపిండి తిన్నాం. వానకు నల్లా తడిసి మెరుస్తుంటే, "గిట్లనన్న దాని మీద నీళ్లు వడ్డయి," అంది కొమురవ్వ. ఆ రోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆమె కంది చేను గురించి చెప్పేది, నేను ఆఫీసు గురించి చెప్పేవాణ్ని. ప్రేమ అనే మాట ఇద్దరం అనలేదు. ఇద్దరికీ తెలుసు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

జనవరిలో వివరాలన్నీ కంప్యూటర్లో ఎక్కించాం. నల్లా ఉందా అనే గడి ఉంది. పక్కన రాసింది ఎక్కించడానికి గడి లేదు. మేడంకు చెప్పాను.

"అమిత్, పక్కన రాసినవి డోనార్లు చదవరు. మనకొక సక్సెస్ స్టోరీ కావాలి. సాలెగూడలో మనం రెండు అవగాహన సదస్సులు పెట్టినం కదా, అదే తీస్కో," అంది మేడం. చివర్లో ఇంకో మాట కలిపింది. "నీ పాస్‌పోర్ట్ రెడీగ ఉన్నదా? బ్యాంకాక్‌కు నువ్వు గూడ వస్తున్నవ్."

నేను విమానం ఎక్కలేదు అప్పటికి. ఎవరైనా బెదిరిస్తే ఎదురు తిరిగేవాణ్నేమో. బెదిరించలేదు, టికెట్ ఇస్తామన్నారు. మూడు రోజులు కూర్చుని ఇంగ్లీషులో ‘విజయగాథ: సాలెగూడ’ రాశాను. ప్రజలు ఆమోదించినట్టు ఆధారం కావాలని మేడం అంటే హాజరు పట్టీ స్కాన్ చేసి, పైన నా చేత్తో రాసిన రెండు మాటలను కత్తిరించేసి, నలభై ఒకటో పేజీలో అతికించాను. ఆ పని పూర్తయ్యాక క్యాంటీన్‌కి వెళ్లి భోజనం కూడా చేశాను. ఇప్పటికీ నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది ఆ భోజనమే.

ఫిబ్రవరిలో కరీంనగర్‌లో ఒక హోటల్లో నివేదిక ఆవిష్కరణ పెట్టారు. నీళ్ల మీద సభ కదా, ఒక్కో కుర్చీ ముందు రెండేసి నీళ్ల సీసాలు పెట్టారు. సభ మధ్యలో తలుపు తీసుకుని నవనీత వచ్చింది. మేడం సంఘాల వాట్సాప్ గ్రూపులో పెట్టిన నివేదికను ఇచ్చోడలో ప్రింట్ తీయించుకుని, నిర్మల్ మీదుగా బస్సులు మారి, దారంతా చదువుకుంటూ వచ్చింది. నాకు చేత్తో సైగ చేసి బయటికి నడిచింది.

"నలభై ఒకటో పేజీ. చదువు."

"నవనీతా, నేను..."

"నా ముందట చదువు."

చదివాను. "సాలెగూడలో వంద శాతం ఇళ్లకు నల్లా నీరు. ఈ నివేదికను కింది మహిళలు చర్చించి ఆమోదించారు."

"మా అవ్వ సంతకం నేర్చుకున్నది యాభై రెండేండ్లకు. వేలిముద్ర ఏసుడు సిగ్గయితుందంటే నేనే చెయ్యి వట్టి దిద్దిపిచ్చిన. గా సంతకం కోసుకొచ్చి గీ అబద్ధం కింద అతికిచ్చిన్రు. కోసింది నువ్వా, వేరేటోళ్లా?"

మేడం చెప్పిందని అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"నేనే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని తుడుచుకోవడం కూడా నా ముందు ఇష్టం లేనట్టు అలాగే ఉంచుకుంది. "వానల తడుసుకుంట పత్తి మోస్తివి. గప్పుడనుకున్న, గీ పిలగాడు వేరే అని. నీ మీద కాదు, నా మీద నాకే కోపమొస్తుంది."

"ఆగు, పొద్దటిసంది ఏం తినలేదు నువ్వు. ఈ నీళ్లన్న తాగు."

సీసా వంక చూసి, నా వంక చూసి, బస్టాండు వైపు నడిచింది.

లోపలికి వెళ్లి, ఆ పేజీ తీసేద్దామని మేడంను అడిగాను.

"ఎమోషనల్ కాకు. మనం కంప్లయింట్లు చేస్తే మనల్ని మల్ల పిలవరు. ఆ టేబుల్ దగ్గర మనకొక కుర్చీ ఉండుడు ముఖ్యం," అంది.

"కుర్చీ సాలెగూడ పేరు మీద ఇచ్చిన్రు మేడం."

"అయితే సాలెగూడ వచ్చి కూసుంటదా?"

అప్పుడొచ్చిన కోపంలో నేనేదో పెద్ద మాట అన్నానని మా స్టాఫ్ ఇప్పటికీ చెప్పుకుంటారు. అనలేదు. నా బ్యాగు తీసుకుని బయటికి వచ్చేశాను, అంతే.

మర్నాడు పొద్దున సాలెగూడ వెళ్లాను. నవనీత నన్ను చూసి ఇంట్లోకి వెళ్లిపోయింది. కొమురవ్వ మాత్రం వాకిట్లోనే నిలబడింది.

"పెద్దమ్మా, తప్పు చేసిన. మాఫ్ చెయ్యమని..."

"మాఫీ ముచ్చట మల్ల చూద్దాం. నువ్వు ఏం రాసినవో గది మాకు తెల్వదు. ఇంగ్లీషుల ఉన్నదంట. ముందుగాల అందరికి చదివి వినిపియ్యి."

సంఘం గదిలో మళ్లీ ఆ ముప్పై నాలుగు మందే, గోడ పక్కన తీర్మానాల పుస్తకంతో నవనీత. నేను నిలబడి నివేదికను ఒక్కో వాక్యం తెలుగు చేసి చదివాను. మొదట్లో గుసగుసలాడారు. పదకొండో పేజీలో ‘నీటి భారం తగ్గడంతో మహిళలు తీరిక సమయాన్ని ఆస్వాదిస్తున్నారు’ అని ఉంది. ఆ వాక్యం రాసినప్పుడు నాకు బాగా నచ్చింది.

"ఆస్వాదించుడంటే ఏంది?" అని రామవ్వ అనే ముసలామె అడిగింది.

"సంతోషంగ గడుపుడు."

"ఎవలు?"

"మీరు."

ఆమె తన అరచేతులు చూసుకుంది. ఎవరూ నవ్వలేదు. నలభై పేజీలూ చదివాను. వాటిలో ఒక్క లైనైనా దాటేస్తే నవనీత పట్టేస్తుంది, ఆమె చేతిలో ప్రింటు ఉంది. కానీ ఆ భయంతో చదవలేదు. దాటేయాలని అనిపించలేదు.

నలభై ఒకటో పేజీలో పేర్లు చదవడం మొదలుపెట్టాను.

"కొమురవ్వ."

"నేను గిది ఒప్పుకోలే," అంది కొమురవ్వ.

"రామవ్వ."

"నేను ఒప్పుకోలే."

ముప్పై నాలుగు పేర్లూ చదివాను. ముప్పై నాలుగుసార్లూ అదే మాట విన్నాను. నవనీత నా వంక చూడకుండా తీర్మానం రాసి, గట్టిగా చదివి, అందరిచేతా సంతకాలు పెట్టించింది. మా సంతకాలు మాకు వాపసు ఇయ్యాలె, మా పేరు మీద వేరేటోళ్లు మాట్లాడొద్దు, ఇదీ తీర్మానం. దాన్ని ఇంగ్లీషు చేసి, నివేదిక రాసిందీ సంతకాలు అతికించిందీ నేనేనని కింద నా పేరు పెట్టి, బ్యాంకాక్‌లో ప్రజా సంఘాలకు సమయం పంచే కమిటీకి పంపించాను.

రెండో రోజే ఉద్యోగం పోయింది. హుజూరాబాద్ నుంచి మా బాపు శ్రీధర్‌రావు ఫోన్ చేసి, "ఊళ్ల నల్లాకు నీళ్లు రాకుంటె నీ నౌకరి ఎందుకు ఎండవెట్టుకున్నవ్‌రా?" అన్నాడు. జరిగిందంతా చెప్పాను. "సంతకాలు కోసినప్పుడు నాకు చెప్పాల్సింది, గప్పుడే చెవు మెలివెడుతుంటి," అని పెట్టేశాడు.

వారానికి కమిటీ నుంచి జవాబు వచ్చింది. ఊట ఫౌండేషన్ సమయం రద్దు చేశారు. ఆ రెండు నిమిషాలు సాలెగూడ సంఘం ఆన్‌లైన్‌లో వాడుకోవచ్చు. అనువాదకుణ్ని సంఘమే చూసుకోవాలి.

ఆ జవాబు వచ్చాకే నవనీత నాకు మళ్లీ ఫోన్ చేసింది. "నాకు ఇంగ్లీషు అర్థమయితది, గని మా ఊరి ముచ్చట నా మాటల్నే చెప్తా. ఇంగ్లీషు చేసుడు నీ పని. ఒక్క ముక్క పోవద్దు, ఒక్క ముక్క కలువొద్దు."

"సరే. ఇంకేమన్నా..."

"ఇంకేం లేదు." పెట్టేసింది.

సిగ్నల్ బాగా దొరికేది సంఘం గది డాబా మీదే. మార్చి ఎండకు పైన దుప్పటి కట్టి, స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టి, మేమిద్దరం ముందు, సంఘమంతా వెనక కూర్చున్నాం. అనువాదకుడి లైను వేరు కాబట్టి అది నా ఫోన్లో ఉంది. పదకొండుకు అన్నారు. పన్నెండున్నర అయింది. మంత్రుల ప్రసంగాలు పొడుగయ్యాయని, అందుకని ప్రజల ప్రతినిధులకు రెండు నిమిషాలు కాదు, ఒక్కటే నిమిషమని సదస్సు అధ్యక్షురాలు చెప్పింది. ఎక్కువ మాట్లాడింది వాళ్లు, కోత పడింది మాకు.

నవనీత మొహం ఎర్రబడింది. మొదలుపెట్టింది.

"మాది సాలెగూడ. మా ఊర్ల ఇంటికో నల్లా ఉన్నది, నీళ్లు లేవు. మీ కాయితాలల్ల నల్లా ఉంటె నీళ్లున్నట్టే. మా అవ్వ దినాం మూడు గంటలు వాగుల నీళ్లు తోడుతది. గా మూడు గంటలు మీ ఏ కాయితంల లేవు."

నేను ఇంగ్లీషులో చెప్పాను. నా ఇంగ్లీషుకు పట్టిన సమయాన్ని కూడా ఆమె నిమిషంలోంచే లాగేసుకున్నారు. ల్యాప్‌టాప్‌లో ఆమె మైకు ఆగిపోయింది.

నా ఫోన్ లైను ఆపడం వాళ్లకు గుర్తులేదు. నవనీత మోచేత్తో పొడిచింది. ఆమె చెబుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. నల్లా ఉందా అని కాదు, నిన్న నీళ్లు వచ్చాయా అని అడగండి. మా గురించి రాసింది మాకు చదివి వినిపించకుండా మీ బల్ల మీద పెట్టనియ్యకండి. మా తరఫున వచ్చామన్నవాళ్లను, మీరు ఆ ఊరి నీళ్లు తాగారా అని అడగండి. అధ్యక్షురాలు ఆపలేదు. పైగా అద్దాలు సరిచేసుకుని ఒక ప్రశ్న వేసింది. మీ అనువాదకుడే కదా ఆ తప్పుడు నివేదిక రాసింది, అతన్ని ఎలా నమ్ముతున్నారు?

నేను ప్రశ్నను తెలుగు చేశాను. తల వంచుకునే చేశాను.

"నమ్మలే," అంది నవనీత. "ముప్పై నాలుగు మంది ముందట నిలవెట్టి చదివిపిచ్చినం. ఒక్క లైను దాసలే. నౌకరి పోయినా మల్ల వచ్చిండు."

ఇంగ్లీషు చేశాను.

"కోపం ఇంక పోలే. పోతదో పోదో తెల్వదు."

అదీ చేశాను.

"కోపమున్నా గీయన్నే చేసుకుంట. మా అవ్వకు గూడ గిప్పుడే చెప్తున్న, మా బాపుకు మాపటికి ఫోన్ల చెప్త."

నేను ఆమె వైపు తిరిగాను. వెనక చాపలు కదిలిన చప్పుడు. అనువాదకుడి లైను తెగిందా అని బ్యాంకాక్ అడుగుతోంది.

"ఒక్క ముక్క పోవద్దన్న," అంది నవనీత. ఎదుటి తెర వంకే చూస్తోంది, కానీ చెవి దాకా ఎర్రబడింది.

దేశాలన్నీ కూర్చున్న హాలుకు, ఈమె నన్ను పెళ్లి చేసుకుంటానంటోందని ఇంగ్లీషులో చెప్పాను. ఎవరో చప్పట్లు కొట్టారు. అధ్యక్షురాలు నవ్వి, ధన్యవాదాలు చెప్పి, తర్వాతి అంశానికి వెళ్లిపోయింది. తెర నల్లబడింది.

నవనీత చెయ్యి నా చేతిలోకి వచ్చింది. నేనే పట్టుకున్నానో, ఆమే పెట్టిందో ఇద్దరికీ తెలియదు.

"అయిందా?" అంది వెనక నుంచి కొమురవ్వ. "మరి నీళ్ల ముచ్చట ఏమన్నరు?"

"ఏమనలే అవ్వా. అడిగినమని రాసుకున్నరు."

"రాసుకున్నది మల్ల మనకు చదివి వినిపియ్యాలె. వినిపిచ్చేదాక అడుగుడే." కొమురవ్వ లేచి కొంగు దోపుకుంది. "గప్పటిదాక తాగాలె గదా. లే అల్లుడా, చెలిమె కాడికి పోదాం. నువ్వు పెద్ద బిందె వట్టు."